పళ్లు లేని మేకకు వైద్యం

ఏజెన్సీకి పోస్టింగ్ వచ్చిందని ఫోన్ చేసి ఏడ్చే కుర్ర డాక్టర్లకు నేను మొదట చెప్పేది ఒకటే. ముందు స్వెట్టర్ కొనుక్కో, తర్వాత తీరిగ్గా ఏడు. లంబసింగి చలిలో ముక్కు కారుతూ ఉంటే ఏడుపు కూడా సరిగ్గా రాదు.

నేను పశువైద్యురాలిగా రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం వైపు పల్లపు ఊరు. సర్వీసులో సగానికి పైగా కొండల మీదే గడిచింది: చింతూరు, అడ్డతీగల, చివరికి లంబసింగికి దగ్గర్లో ఒక చిన్న పశువుల ఆసుపత్రి. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి ఇక్కడ రాయను. అవి చదివితే మీకు ఆవలింతలు వస్తాయి, రాస్తే నాకు బీపీ వస్తుంది. ఉద్యోగం అసలు ఎలా ఉంటుందో, కాలేజీలో ఎవరూ చెప్పనిది, అది మాత్రం రాస్తాను.

పశువుకు నోరు లేదు కదా, రోగం ఎలా తెలుస్తుందని పెళ్లిళ్లలో చుట్టాలు అడుగుతుంటారు. పశువుతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. చెయ్యి వేస్తే ఎక్కడ నొప్పో చెప్పేస్తుంది, కాలు వేస్తే ఇంకా గట్టిగా చెబుతుంది. ఇబ్బందంతా దాన్ని తోలుకొచ్చిన మనిషితోనే. ఆ మనిషి సగం చెబుతాడు, సగం దాస్తాడు. ఎందుకు దాస్తున్నాడో తెలుసుకోకుండా మీరు రాసే మందు చీటీ దేనికీ పనికిరాదు.

అడ్డతీగల పాఠం

నాకీ సంగతి తెలియజెప్పినవాడు అడ్డతీగలలో నా పై అధికారి. మంచి చెప్పి కాదు, చెడగొట్టి. చదువులో దిట్ట, హస్తవాసి గొప్పది, కానీ నోరు విప్పితే తిట్లే. ఒకసారి ఒక కొండ ఊరిలో దొమ్మ రోగంతో ఆవు చచ్చింది. అది మనుషులకు కూడా అంటుకునే రోగం. అయినా ఊరివాళ్లు దాన్ని కోసుకుని తిన్నారు. ఆకలి ఉన్నచోట చచ్చిన ఆవు కూడా మాంసమే, అందులో ఆశ్చర్యపోవడానికేం లేదు. మా పెద్దాయన జీపు దిగడంతోనే మొదలుపెట్టాడు. మీరు మనుషులేనా అన్నాడు, పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఊరంతా తలలు దించుకుని విన్నారు.

తర్వాత అదే ఊళ్లో ఇంకో రెండు పశువులు చచ్చాయి. ఈసారి మాకెవరూ కబురు చెయ్యలేదు. చేతుల మీద నల్లటి పుండ్లతో మనుషులు ఆసుపత్రిలో చేరితే గానీ మాకు తెలియలేదు. వాళ్లందరూ బతికారు, అదృష్టం. "చూశారా, ఎంత చెప్పినా వీళ్లకు బుద్ధి రాదు" అన్నాడు మా పెద్దాయన. నాకు మాత్రం ఆయన మీద మండుకొచ్చింది. బుద్ధి రావాల్సింది ఎవరికో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

నాకూ కోపం తక్కువేం కాదు, నాతో పనిచేసిన వాళ్లనడిగితే చెబుతారు. కానీ ఆ రోజు నుంచి పశువును తెచ్చిన మనిషిని "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అని మొదటి మాటగా అడగడం మానేశాను. ఆ ఒక్క అలవాటు నా చదువు కన్నా ఎక్కువ పశువుల్ని బతికించింది. ఒక తాబేలును కూడా.

చిలకమ్మ మేక

రిటైర్మెంటుకు ముందు శీతాకాలం. సంత రోజు. ఆసుపత్రి ముందు మేకలు, కోళ్లు, నట్టల మందు కోసం వచ్చినవాళ్లు. జనం పలచబడే దాకా గోడవారగా కూర్చుని ఒకామె లోపలికొచ్చింది. పేరు చిలకమ్మ. యాభై దాటిన మనిషి. కొంచెం కాఫీ తోట, కొంచెం రాజ్‌మా పంట, చలికాలంలో మంచు చూడ్డానికొచ్చే టూరిస్టులకు రోడ్డు పక్కన టీ, బొంగు చికెన్ అమ్మే బడ్డీ. ఆ బడ్డీలో నేనూ టీ తాగాను కాబట్టి మొహం తెలుసు. ఆమె చేతిలో ఏ పశువూ లేదు.

"మేకకి మందు కావాల డాట్రమ్మా. పెంటికలెయ్యట్లేదు, ఒంటికి పొయ్యట్లేదు."

"ఎన్నాళ్లయింది?"

"రెండు సంతలెల్లిపోయేయి."

నా చేతిలో పెన్ను ఆగింది. మూత్రం బిగిసిన మేక రెండు సంతలు బతకదు. సరే, పోనీ అని అడుగుతూ పోయాను.

"పొట్ట ఉబ్బిందా?"

"ఉబ్బడానికేటుంది? గట్టిగా ఉంటాది కదా."

"నెమరేస్తోందా?"

"అదెప్పుడూ నెమరెయ్యదమ్మా."

"పళ్లు కొరుకుతోందా? నొప్పి ఉన్న మేక పళ్లు పటపటలాడిస్తుంది."

"పళ్లేటి డాట్రమ్మా, దానికి పళ్లు నేవు కదా!"

మా అటెండరు అప్పలరాజు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. చిలకమ్మకు తాను నోరు జారిందని తెలిసిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గుమ్మం వైపు చూసింది. ఇంకొక్క మాట గట్టిగా అంటే వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. ఆ కళ్లు నేను అడ్డతీగలలో చూసినవే.

"నీ మేక ఎంత ఉంటుంది?" అన్నాను.

రెండు చేతులతో అన్నం పళ్లెమంత చూపించింది.

"సరే. రేపు పొద్దున్న బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకురా. ఇక్కడెవరూ అరవరు."

"బుట్టలో మేకా?" అంది, నా మొహంలోకి అనుమానంగా చూస్తూ.

"నీ మేక పడుతుందిలే, తీసుకురా."

పొయ్యి వెనక

మర్నాడు మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. సోమన్న నెమ్మదైన మనిషి. బుట్ట బల్లమీద పెట్టి గుడ్డ తీశాడు. పసుపు పచ్చటి డొప్ప, ఒక పక్క నల్లగా కాలిన మచ్చ. కొండ అడవుల్లో తిరిగే మెట్ట తాబేలు. కళ్లు లోతుకు పోయాయి, వెనక కాళ్లు ఈడుస్తోంది.

ఆ కాలిన మచ్చ సంగతి సోమన్నే చెప్పాడు. పెళ్లైన కొత్తలో పోడు కోసం కొండవాలు తగలబెడుతుంటే మంటల్లోంచి ఇది ఈడ్చుకుంటూ వచ్చిందట. "సచ్చిపోతాదని ఒల్లో ఏసుకొచ్చేనమ్మా. మాయావిడ ఆకు నంజి దాని కాలికి రాసింది. బతికేసింది." అప్పటినుంచీ ఇంట్లో మనిషే. పేరు ముసిలోడు. పగలు పెరట్లో తిరిగి, చీకటి పడితే తనంతట తానే గుమ్మం దగ్గరకొచ్చేదట.

"మరి ఇప్పుడు పెరట్లో తిరగట్లేదా?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తాబేల్ని ఇంట్లో ఉంచుకుంటే జైల్లో పెడతారని, పల్లంలో ఎవర్నో పట్టుకుపోయారని సంతలో ఎవరో చెప్పారట. బడ్డీ ముందు కారు ఆగితే చాలు, దిగినవాళ్లు ఫోన్లు తీసి కనిపించిందల్లా ఫొటో తీస్తారు. అందుకని చలికాలం వస్తే ముసిలోణ్ని వంటింట్లో పొయ్యి వెనక మూలన బుట్ట బోర్లించి దాచేవారు. ఏటేటా టూరిస్టులు పెరిగారు. దాచే రోజులూ పెరిగాయి.

"పొయ్యి కాడ ఎచ్చగా ఉంటాది కదా డాట్రమ్మా," అంది చిలకమ్మ.

"నీళ్లు పెడతావా?"

"సలికాలం నీలెలా ఎడతాం? రొంప పట్టేయదేటి?"

"ఏం తింటోంది?"

ఆమె మొహం వెలిగింది. "రాజ్‌మా! ఉడకబెట్టి, తొక్క తీసి ఎడతాను. మా అల్లుడికైనా అలా ఎట్టలేదు."

నేను తల పట్టుకోలేదు గానీ పట్టుకోవాలనిపించింది. ప్రేమగా చేసిన ప్రతి పనీ దాని ప్రాణం మీదకు తెచ్చింది. మెట్ట తాబేలు ఒంట్లోని మలినం తెల్లటి సున్నంలాంటి ముద్దగా బయటికి రావాలి. అలా రావాలంటే ఒంట్లో నీరుండాలి. నీళ్లు లేక, పొయ్యి వేడికి ఎండి, పైగా పప్పుగింజల తిండి పడితే ఆ ముద్ద మూత్రాశయంలోనే పొర మీద పొర గట్టిపడి రాయవుతుంది. తాబేలుకు అన్నిటికీ బయటికి దారి ఒక్కటే. రాయి వచ్చి ఆ దారికి అడ్డంపడితే మూత్రంతో పాటు మలమూ ఆగిపోతుంది. చూసేవాళ్లకు అది మలబద్ధకంలా కనిపిస్తుంది.

"ముందు మలబద్ధకమే అనుకున్నాం," అని సోమన్న సంచిలోంచి ఆముదం సీసా తీశాడు. "పోద్దామంటే నోరు తెరవనేదమ్మా."

ఆ తాబేలుకు మనసులో దండం పెట్టుకున్నాను. తాబేలు నోట్లో నూనె పొయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మీరు చేసేదేమీ ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ దగ్గరికీ ఒకరోజు సీసాతో సహా వస్తారు.

"మరి రోగమని ఎలా కనిపెట్టావ్?" అని చిలకమ్మను అడిగాను.

"ఎత్తితే తడిపేసేది డాట్రమ్మా! ఎప్పుడెత్తినా నా కోకంతా పాడే. తిట్టీదాన్ని. ఇప్పుడెత్తుతుంటే ఏటీ నేదు. పొడి." ఆ మాటంటూ ఏడ్చేసింది. "బతుకుతాదా?"

తెలీదని చెప్పాను. తెలియనప్పుడు తెలీదనడానికి సిగ్గుపడితే ఈ ఉద్యోగం చెయ్యలేరు.

ఎక్స్‌రే, ఉష, గోరువెచ్చని నీళ్లు

మా చదువులో తాబేలుకు దక్కింది అర పేజీ. వెనక కాలి ముందున్న మెత్తటి చోట వేలు పెట్టి, తాబేల్ని మెల్లగా అటూ ఇటూ ఒంచితే లోపల ఏదో గట్టిది వేలికి తగిలింది. గుడ్డు కావచ్చు, రాయి కావచ్చు. మనుషుల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే కుర్రాణ్ని బతిమాలుకున్నాను. "పేరేం రాయమంటారు మేడమ్?" అన్నాడు. "ముసిలోడు, వయసు తెలీదు," అన్నాను. గుడ్డైతే అంచు సన్నటి గీతలా కనిపించాలి. ఇది నిండా తెల్లగా, గట్టిగా, తోక వైపు దిగి కూర్చుంది. రాయే.

నా క్లాస్‌మేట్ ఉష జంతు ప్రదర్శనశాలల్లో చాలాకాలం పనిచేసింది. ఫొటో పంపి ఫోన్ చేశాను. "డొప్ప కోసి తియ్యాలంటే సిటీకి తేవాలి. ఈ ఒంటితో ఆపరేషన్ తట్టుకోదు," అంది. "కిందికి దిగింది కదా, ముందు నీళ్లు పట్టించు. మెత్తబడ్డాక కింది నుంచే ప్రయత్నించు. తొందరపడి లాగావంటే పేగు బయటికొస్తుంది, జాగ్రత్త. నీ తొందర నాకు తెలుసు."

నా తొందర ఆమెకు తెలుసు మరి.

వైద్యమంటే ఇంతే: టబ్బులో గోరువెచ్చని నీళ్లు, మోచేత్తో చూసుకుని, తాబేలు గడ్డం దాకా మాత్రమే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నానబెట్టడం. చర్మం కింద సెలైన్. ఆసుపత్రి వరండాలో ఎండపొడ. ఆ నానబెట్టే పని చిలకమ్మ తన చేతుల్లోకి తీసుకుంది. బడ్డీ సోమన్నకు వదిలేసి రోజూ ఆటోలో వచ్చేది. టబ్బు పక్కన కూర్చుని దానితో ఒకటే కబుర్లు. "ఏటి సేత్తన్నావు లోపల, రాయి కాయించుకుంటన్నావా? బేగి వదిలీ. బొంగులో కోడి మాడ్సేత్తన్నాడంట నీ బాబు."

కొన్ని రోజులకు కళ్లు పైకి తేలాయి. మెడ చాచి నీళ్లు తాగింది. అప్పుడు పని మొదలుపెట్టాను. మత్తు సూది, జెల్, సన్నటి ఫోర్సెప్స్. రాయిని లాగలేదు, అంచులు కొద్దికొద్దిగా చిదిపాను. నా వేళ్లు కొంకర్లు పోయాయి, నడుం పట్టేసింది, అప్పలరాజు మీద రెండుసార్లు అరిచాను. చిలకమ్మ మాత్రం డొప్పను రెండు చేతులా పట్టుకుని కదల్లేదు. చివరికి ఉసిరికాయంత ముక్క జారి ట్రేలో టక్కున పడింది. దాని వెనకే ఇన్నాళ్లుగా ఆగిందంతా వచ్చింది. ఆ కంపుకు అప్పలరాజు బయటికి పరుగెత్తాడు.

చిలకమ్మ పగలబడి నవ్వింది. "ఓలమ్మా, ముసిలోడా!"

"ముసిలోడు కాదే, ముసిల్ది," అన్నాను. తోక చిన్నది, కింది డొప్ప చదును. ఆడ తాబేలు. ఇన్నేళ్లూ వాళ్లిద్దరికీ తెలియదు.

అసలు కష్టమైన భాగం

రాయి తియ్యడం కష్టం కాదు. తర్వాతి మాట చెప్పడం కష్టం.

"ఇంటికి అట్టుకెల్లిపోనా?" అని అడిగింది చిలకమ్మ, అప్పటికే బుట్ట తుడుచుకుంటూ.

వద్దన్నాను. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ కార్లొస్తాయి, మళ్లీ పొయ్యి వెనక దాస్తారు, మళ్లీ రాయి వస్తుంది. ఈసారి బతకదు. ఇంకొకటి, అడవి తాబేల్ని ఇంట్లో పెంచడం చట్టానికి విరుద్ధం, ఆ విషయంలో సంతలో విన్నది నిజమే. ఇంతకు ముందే ఫారెస్టు రేంజర్‌తో మాట్లాడాను, ఎవరి పేరూ చెప్పలేదు. వాళ్లంతట వాళ్లు అప్పగిస్తే తన వైపు నుంచి ఇబ్బంది పెట్టనని, బాగయ్యాక అడవిలో వదలడానికి పైవాళ్ల అనుమతి అడుగుతానని ఆయన మాటిచ్చాడు. ఇదంతా చెప్పాను.

చిలకమ్మ మొహం ఎర్రబడింది. "అరవనన్నావు కదా డాట్రమ్మా! అరవకుండానే లాక్కుంటన్నావు!"

బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. కబురు విని బడ్డీ కట్టేసి వచ్చిన సోమన్న గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, నాకు నమస్కారం పెట్టి ఆమె వెనకే వెళ్లాడు.

నా అభిప్రాయం అడిగితే చెబుతాను. చట్టం మంచిదే. అది లేకపోతే ఈ కొండల్లో ఒక్క తాబేలు మిగలదు, సంచుల్లో వేసి అమ్మేస్తారు. కానీ ఆ చట్టం ఈ ఊళ్లకు పోలీసు బెదిరింపుగా వచ్చింది తప్ప, ఒక మనిషి వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పిన మాటగా రాలేదు. ఎవరైనా అలా చెప్పి ఉంటే ముసిల్ది పొయ్యి వెనక ఎండిపోయేది కాదు.

తర్వాతి సంతకు చిలకమ్మ వచ్చింది. నాతో మాట్లాడలేదు. కొంగులో ఏవో అడవి ఆకులు తెచ్చి దాని ముందు పోసింది. నీళ్లు కాచి, మోచేత్తో చూసి, టబ్బులో పెట్టింది. చాలాసేపయ్యాక నా వైపు తిరక్కుండానే అడిగింది.

"అడివిలో నీలెవరు పోత్తారు?"

"వాన పోస్తుంది."

"సలికాలం?"

"ఆకుల కింద దూరి పడుకుంటుంది. దానికి పొయ్యి అక్కర్లేదు."

"రాజ్‌మా?"

"అస్సలు వద్దు."

"మరైతే దానికి నాతో పనేటీ నేదా?"

అబద్ధం చెప్పొచ్చు. మనసు ఒప్పుకోలేదు. "లేదు చిలకమ్మా," అన్నాను. "పని లేకపోవడమే దానికి మంచిది."

ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. ఆవులు, గేదెలు చచ్చినప్పుడు ఏడ్చేవాళ్లను ఎంతోమందిని చూశాను గానీ, బతికిన జంతువు కోసం ఏడుస్తున్న మనిషిని ఎలా ఓదార్చాలో నాకెవరూ నేర్పలేదు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "ఆ రేంజర్ని పిలు. నేనే ఇత్తాను. ఆల్ల సేతుల్తో పట్టుకెల్లనియ్యను."

కొండవాలు

అనుమతి రావడానికి వానలు పట్టేదాకా అయింది, అదీ మంచిదే. అప్పటిదాకా ముసిల్ది మా ఆసుపత్రి వెనక పెరట్లో ఉంది. ఆకులు తిన్నది, నా మందారాలు తిన్నది, అప్పలరాజు చెప్పు కొరకబోయింది. చిలకమ్మ ఒక్క సంత కూడా తప్పలేదు. ఒకటి మాత్రం నాకు లోపల పీకుతూ ఉండేది. మలం బాగానే వేస్తోంది, తడి మాత్రం టబ్బులోనే కలిసిపోతోంది. చేత్తో ఎత్తితే పొడిగానే ఉండేది. మూత్రాశయం దెబ్బతిని ఉంటుందేమోనని భయం. ఆమెకూ ఆ భయమే. ఎత్తిన ప్రతిసారీ కింద చూసుకునేది.

వదిలే రోజు సన్నటి వాన. రేంజర్, ఒక గార్డు, మేము ముగ్గురం. జీపు వెళ్లినంత మేర వెళ్లి, తర్వాత నడిచాం. సోమన్న దారి చూపించాడు. ముప్పై ఏళ్ల నాటి పోడు ఇప్పుడు అడవైపోయింది, వెదురు, ఇప్ప, కింద తడిసిన ఆకులు. "ఇక్కడే," అన్నాడు.

రేంజర్ గొడుగు పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. చిలకమ్మ బుట్టలోంచి దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుంది. ఏదో చెప్పబోయింది. అంతలో ధారగా, చీర కుచ్చిళ్ల మీద నుంచి పాదాల దాకా, ఒకటే పోత.

"ఓలమ్మో!" అని కేకేసింది. "తడిపీసింది డాట్రమ్మా! సూడు, సూడు, కోకంతా తడిపీసింది!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను కిందకి వంగి, చీర మీద తెల్లటి చారికను వేళ్ల మధ్య నలిపి చూశాను. మెత్తగా ఉంది. ఇసుక లేదు, పలుకు లేదు. సర్వీసులో ఎన్నో పరీక్షల ఫలితాలు చూశాను, ఇంత సంతోషం ఇచ్చింది ఇంకోటి లేదు.

చిలకమ్మ దాన్ని నేల మీద పెట్టింది. అది మెడ చాచి, ఒకసారి నేల వాసన చూసి, ఆకుల్లోకి నడిచి వెళ్లిపోయింది. డొప్ప మీది కాలిన మచ్చ కాసేపు కనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు వాగు అడ్డం వచ్చింది. "చీర కడుక్కుంటావా, ఆగమంటావా?" అని రేంజర్ మర్యాదగానే అడిగాడు.

"ఒద్దు బాబూ," అంది చిలకమ్మ. "ఇంటికెల్లి ఉతుక్కుంటాను."

తడిసిన కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని జీపులో నా పక్కనే కూర్చుంది. ఊరు వచ్చేదాకా వదల్లేదు.